మూడో వంతు బాకీ

యరమరస్,
11 జూన్ 2023

తమ్ముడు హనుమేశ్‌కు,

నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ స్ఫూర్తే ఎత్తింది. "పొద్దంతా చెవులకు ఆ డబ్బాలు పెట్టుకొని మాట్లాడి వస్తడు వదినా, ఇంటికొచ్చినంక ఫోన్ మోగితేనే మొహం తిప్పుకుంటడు" అంది. అందుకే ఈ ఉత్తరం. మనం కన్నడ బడి నుంచి రాగానే అమ్మ కూర్చోబెట్టి తెలుగు రాయించేది, నువ్వు ఏడ్చేవాడివి. ఇప్పుడు పనికొచ్చింది.

ఖానావళి నడుస్తూనే ఉంది. కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనివాళ్లు డెబ్బై రెండు మంది రెండు పూటలా మన దగ్గరే తింటున్నారు. రొట్టెలు యంకవ్వ చేస్తుంది, మిగతావన్నీ నేను. మీ బావకు మోకాళ్లు లేవనివ్వడం లేదు, కూర్చొని కూరగాయలు తరుగుతారు. చిక్కు వంటతో కాదు, పైసలతో. కాంట్రాక్టర్ బసవరాజ్ ఈ నెల తిండి బిల్లు రెండు నెలల తర్వాత ఇస్తాడు. ఇంతకుముందు గంజ్‌లో కిరాణా పెద్దాయన ఖాతా రాసుకునేవాడు, బిల్లు వచ్చాక తీర్చేదాన్ని. ఆయన మంచాన పడ్డాడు. ఇప్పుడు కొడుకు విజయకుమార్ కూర్చుంటున్నాడు. "అక్కా, ఉద్దెర బందు. నగదన్న ఇయ్యి, కార్డన్న గీకు" అన్నాడు.

నా దగ్గరున్న క్రెడిట్ కార్డుకు లిమిట్ నలభై అయిదు వేలు. నెలకు సరుకే లక్షా ముప్పై వేలవుతుంది. నువ్వు కార్డుల కంపెనీలోనే ఉన్నావు కదా. ఎవరితోనైనా ఒక మాట చెప్పి నా లిమిట్ పెంచించు. ఈ ఒక్కటి చేస్తే మళ్లీ అడగను.

రొట్టెల పెనం మీద చెయ్యి కాలింది, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి, చదువుకో.

అక్క సుమంగళ


బెంగళూరు,
2 జులై 2023

అక్కా,

కాలిన చేతితో రాశావు. తేనె రాశావా, వట్టిదే వదిలేశావా?

ముందు ఒక సంగతి. నేనున్నది కార్డుల కంపెనీలోనే, కానీ నీ కార్డు ఇచ్చిన బ్యాంకు వేరు, మా కంపెనీ వేరు. మా కంపెనీలోనైనా నేను కుర్చీలో కూర్చొని ఫోన్లెత్తేవాణ్ని. లిమిట్ పెంచేది కంప్యూటరు. నా మాట అది వినదు, నా పైవాళ్ల మాటా వినదు. రోజుకు తొంభై మంది ఇదే అడుగుతారు. "సార్, జర పెంచండి సార్." ఈ మధ్య పన్నెండు దాటితే గొంతు గరగరమంటుంది.

కానీ కంప్యూటరు ఏం చూస్తుందో నాకు తెలుసు. అది చెబుతాను.

బసవరాజ్ ఇచ్చే డబ్బు చేతికి తీసుకోకు, నీ ఖాతాలో వేయించుకో. ఖాతాలో కనిపించని సంపాదన వాళ్ల లెక్కలో సంపాదనే కాదు. ఎవరైనా ఆడిటర్‌ను పట్టుకొని ఐటీ రిటర్న్ వేయించు. నాలుగు బ్యాంకులకు ఒకేసారి దరఖాస్తు పెట్టకు, ఈమెకు ఏదో అవసరం ముంచుకొచ్చిందని అందరూ వెనక్కి తగ్గుతారు. ఒక్కో బ్యాంకుది ఒక్కో గుణం. ఒకటి ఆరు నెలలు చూసి తనంతట తానే పెంచుతామని మెసేజ్ పంపుతుంది, నువ్వు సరే అంటేనే పెంచుతుంది. ఇంకొకటి అడిగితే తప్ప కదలదు, కాగితాలు చూపించాలి. మరొకటి నీ దగ్గరున్న కార్డు లిమిట్ చూసి, దానికి కాస్త ఎక్కువే ఇస్తుంది. కాబట్టి మొదటిదాన్ని పెంచుకున్నాకే రెండోదాని దగ్గరికి వెళ్లు. ఎవరూ ఇవ్వకపోతే ఎఫ్‌డీ పెట్టి దాని మీద కార్డు తీసుకోవచ్చు.

ముఖ్యమైనది ఇది. లిమిట్ అంతా వాడేసినట్టు కనిపించకూడదు. మూడో వంతు దాటనివ్వకు. అలాగని ఏమీ లేకుండా చేస్తే వీళ్లకు కార్డు అవసరమే లేదనుకుంటారు. నిజం చెప్పాలంటే అక్కా, మొత్తం కట్టేసేవాళ్ల మీద కంపెనీలకు ప్రేమ లేదు, కొంచెం బాకీ పెట్టేవాళ్లంటేనే ప్రేమ.

బావ మోకాళ్లకు రాయచూరులో చూపించండి, వాయిదా వేయకండి.

నీ తమ్ముడు,
హనుమేశ్


యరమరస్,
4 ఫిబ్రవరి 2024

తమ్ముడూ,

నీ ఉత్తరాన్ని పిండి డబ్బా మూతకు అతికించుకొని ఏడు నెలలు దాని ప్రకారమే నడిచాను. ఫలించింది. నలభై అయిదు వేల కార్డు లక్షా ఇరవై వేలయింది. వాళ్లే మెసేజ్ పంపారు, నేను సరేనని నొక్కాను. దాన్ని చూపిస్తే ఇంకో బ్యాంకు లక్షన్నర కార్డు ఇచ్చింది. ఆ కార్డు తెచ్చిచ్చిన పిల్లవాడు "మీ రికార్డు బాగుందమ్మా" అన్నాడు. యాభై ఏళ్లొచ్చాయి, నా రికార్డు బాగుందని ఇప్పటివరకు ఎవరూ అనలేదు.

నువ్వు చెప్పినట్టే మూడో వంతు దాటనివ్వకుండా చూసుకుంటున్నాను. మొదట్లో అంతా కట్టేయాలని మనసు పీకేది. ఇప్పుడు అలవాటయింది.

బసవరాజ్ ఇప్పుడు రెండు నెలలు కాదు, రెండున్నర. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. ప్లాంటు బూడిద గాలికొచ్చి ఆరేసిన గిన్నెల మీద పడుతోంది, ప్రతి గిన్నె రెండుసార్లు కడగాల్సి వస్తోంది. యంకవ్వ "ఇది తిని తిని మనం గూడ సిమెంట్ అయితం" అని నవ్వుతుంది. నాకు నవ్వే ఓపిక లేదు.

నువ్వు ఎవరితోనో ఒక మాట చెప్పించే ఉంటావని నా అనుమానం. ఒప్పుకోవు, తెలుసు.

అక్క


బెంగళూరు,
20 మార్చి 2024

అక్కా,

నేను ఎవరితోనూ చెప్పించలేదు. అంతా నీదే.

నీ ఉత్తరం చదివి స్ఫూర్తికి వినిపించాను. మా ఫ్లోరు మీద పెద్ద జీతాలవాళ్లు కూడా నీలా క్రమశిక్షణగా ఉండరు. మూడో వంతు మాట పట్టుకొని నిలబడ్డావు చూడు, అదే అసలు కిటుకు. అలాగే కొనసాగించు.

మూడో కార్డుకు వెళ్తే ఈసారి రిటర్న్ కాగితం చూపించి అడిగి తీసుకో. ఆ తర్వాత మాత్రం ఆగు.

మాకు కొత్త టార్గెట్ పెట్టారు. లిమిట్ పెంచుకొమ్మని మేమే జనాన్ని అడగాలి. రోజుకు పాతిక మంది చేత సరే అనిపించాలి. గొంతు ఉదయం ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా ఉంటోంది. నిన్న ఒకాయన "ఏమ్మా" అని పిలిచాడు, నా గొంతు విని ఆడమనిషి అనుకున్నాడు. ఎక్కువ రాయలేను, కళ్లు మూతలు పడుతున్నాయి.

హనుమేశ్


యరమరస్,
15 సెప్టెంబర్ 2024

హనుమేశ్‌కు,

మూడో కార్డు వచ్చింది, రెండు లక్షలు. మూడూ కలిపి నాలుగు లక్షల డెబ్బై వేలు. గంజ్‌లో ఇప్పుడు విజయకుమార్ కుర్చీ వేసి చల్లనీళ్లు ఇప్పిస్తున్నాడు.

అయినా చేతిలో ఏమీ మిగలడం లేదురా. బసవరాజ్ మూడు నెలలు ఆపాడు, అది ఒకటి. ఇంకొకటి నాకు అర్థం కావడం లేదు. నిన్న మీ బావ మూడు కార్డుల బిల్లులూ ముందేసుకొని కూర్చున్నారు. "ఏందే గిది, బియ్యం రేటు పెరగలే, నూనె రేటు పెరగలే, బిల్లెందుకు పెరుగుతుంది?" అన్నారు. ప్రతి బిల్లులో ఫైనాన్స్ చార్జీ అని ఒక వరుస ఉంది. పోయిన నెల మూడింటికీ కలిపి తొమ్మిదివేల ఎనిమిది వందలు. అది లిమిట్ పెంచినందుకు తీసుకునే ఫీజు అనుకొని నేను కడుతూ వచ్చాను. అవునా?

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "నీ తమ్మునికి ఇందుల కమీషన్ ఏమన్న ఉందా, అడుగు" అని. నేను కసిరాను. కానీ అడగమన్నారు కాబట్టి రాస్తున్నాను. నువ్వు పట్టించుకోకు, మోకాళ్ల నొప్పితో ఆయన ఏదో ఒకటి అంటుంటారు.

ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయి.

అక్క


యరమరస్,
2 డిసెంబర్ 2024

హనుమేశ్‌కు,

రెండున్నర నెలలైంది. జవాబు లేదు. స్ఫూర్తికి ఫోన్ చేస్తే "పడుకున్నడు వదినా" అంటుంది, ఏ పొద్దున చేసినా అదే మాట.

యంకవ్వ తమ్ముడు భీమేశ్ పోయిన వారం వడ్ల లారీతో సింధనూరు వెళ్లాడు. బస్టాండులో నిన్ను చూశాడట. "హనుమేశన్నా" అని గట్టిగా పిలిస్తే నువ్వు చెయ్యి ఊపి, ఒక్క మాటైనా మాట్లాడకుండా బస్సెక్కావట. సింధనూరు దాకా వచ్చినవాడివి. ఇక్కడికి రెండు మూడు గంటల దారి.

కమీషన్ మాట నేను అనలేదు, మీ బావ అన్నారు. అది అబద్ధమైతే అబద్ధమని ఒక్క ముక్క రాయడానికి ఇన్నాళ్లు పడుతుందా? నువ్వు రాయకపోతే నేనేమనుకోవాలి? మీ బావ ఏమీ అనడం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

సుమంగళ


సింధనూరు,
9 డిసెంబర్ 2024

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ మొన్న ఒకేసారి చేతికొచ్చాయి. సెప్టెంబర్‌ది బెంగళూరు గది తలుపు కింద పడి ఉంది, పక్కింటివాళ్లు రెండోదానితో కలిపి పంపారు.

నా గొంతులో గడ్డలు లేచాయి. సెప్టెంబర్ మొదటి నుంచే ఆసుపత్రుల చుట్టూ తిరిగాం, బెంగళూరు గదికి వెళ్లనే లేదు. అక్టోబర్‌లో ఆపరేషన్ చేశారు. కాన్సర్ కాదు, అరిగిపోవడం. రెండు నెలలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు, గుసగుస కూడా వద్దన్నారు. స్ఫూర్తి నన్ను వాళ్లమ్మ ఇంటికి తెచ్చింది. నీకు చెప్పొద్దని దానితో ఒట్టు వేయించుకున్నది నేనే. నీకున్న పనిలో పరుగెత్తుకొస్తావని. భీమేశ్ పిలిచినప్పుడు నేను మాట్లాడలేక చెయ్యి ఊపాను. బస్సు కదులుతోంది. అతనికి అది పొగరుగా కనిపించి ఉంటుంది.

కమీషన్ లేదు. ఒక్క రూపాయి లేదు. ఆ వరుస చదివి రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. కానీ కోపం పక్కన పెట్టి మళ్లీ చదివితే అసలు భయం అప్పుడు పట్టుకుంది.

అక్కా, ఫైనాన్స్ చార్జీ అంటే ఫీజు కాదు, వడ్డీ. నెలకు నూటికి మూడున్నర, దాని మీద పన్ను. బిల్లు మొత్తం కట్టేవాళ్లకు అది పడనే పడదు. నువ్వు బిల్లులో ఎంత కడుతున్నావు? నిజం రాయి. మూడో వంతు దాటనివ్వకు అంటే లిమిట్‌లో మూడో వంతు కన్నా ఎక్కువ వాడినట్టు బిల్లులో కనిపించొద్దని. బిల్లు తయారయ్యే రోజుకు ముందే కొంత కట్టి తగ్గించుకొమ్మని. వచ్చిన బిల్లు మాత్రం గడువు లోపల పైసాతో సహా కట్టాలి. ఆ మాట రాయనే లేదు నేను. అందరికీ తెలుసనుకున్నాను. నాకు రోజూ తెలిసిన సంగతి కాబట్టి.

ఇంకొక్క ముక్క రాశాను, కొంచెం బాకీ పెట్టేవాళ్లంటేనే కంపెనీకి ప్రేమ అని. అది నా ఉద్యోగం మీద విసుగుతో అన్నది. నువ్వు దాన్ని పట్టుకున్నావని నాకు ఇప్పుడు అనుమానం. అలా అయితే చెప్పు.

బిల్లులన్నీ నకలు తీసి పంపు.

హనుమేశ్


యరమరస్,
28 డిసెంబర్ 2024

హనుమేశ్,

పిండి డబ్బా మూత మీద నీ ఉత్తరం ఇంకా ఉంది. నూనె మరకల మధ్య మళ్లీ చదివాను. నువ్వు విసుగుతో అన్నావో, పాఠం చెప్పావో అందులో ఎక్కడా లేదు. వంతులూ బాకీలూ ప్రేమలూ అన్నీ ఒకే చోట, ఒకే చేతిరాతలో ఉన్నాయి. నువ్వు పక్కనుంటే నీ మొహం చూసి తెలుసుకునేదాన్ని.

అవును. ప్రతి నెలా బిల్లులో మూడో వంతు కావాలనే బాకీ ఉంచాను. కొన్ని నెలలు పూర్తిగా కట్టడానికి నా దగ్గర పైసలున్నాయిరా. ఉన్నా ఆపుకొన్నాను. రికార్డు పాడవుతుందని. నువ్వు మార్చిలో మెచ్చుకొని, అదే కిటుకు, అలాగే కొనసాగించు అని రాశావు. లిమిట్ కూడా పెరుగుతూనే వచ్చింది. ఇక తప్పు అని ఎలా తోస్తుంది?

మీ బావ, నేను కూర్చొని లెక్క కూడాం. ఇప్పటికి కట్టిన వడ్డీ లక్షా నాలుగు వేలు. ఇంకా నెత్తి మీదున్నది మూడు లక్షల పది వేలు. ఎండల్లో, బూడిదలో, డెబ్బై రెండు మందికి రెండు పూటలా వండిన ఏడాది కష్టం అది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని బయటికి వెళ్లిపోయారు. నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఏడుపు రాలేదు. లేవబుద్ధి కాలేదు, అంతే. యంకవ్వే ఆ పూట అన్నం వార్చింది.

నీకు కత్తి పెట్టి గొంతు కోస్తే నాకు చెప్పకపోవడం నా మంచికే అనుకున్నావు. నీ వడ్డీ కన్నా అదే నాకు ఎక్కువ మండుతోంది.

నకళ్లు పంపుతున్నాను. ఏం చెయ్యాలో స్పష్టంగా రాయి. ప్రేమ గీమ అని రాయకు.

సుమంగళ


బెంగళూరు,
14 జనవరి 2025

అక్కా,

నువ్వు తిట్టినదంతా న్యాయమే. ఈసారి ఒక్కో ముక్కా రెండుసార్లు చదువుకొని రాస్తున్నాను.

ఈ రోజు నుంచి మూడు కార్డులతోనూ ఏదీ కొనకు. బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదాని మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఒక్కో బ్యాంకుకు నువ్వే ఫోన్ చేసి, బాకీని ఈఎంఐలుగా మార్చమని అడుగు. రెండేళ్లు పెట్టించు. ఏడాదికి నూటికి పదహారు దగ్గర వడ్డీ పడుతుంది, ఇప్పుడు పడుతున్నదానిలో సగం కూడా కాదు. వాళ్లు లిమిట్ పెంచుతామని అంటారు. వద్దని చెప్పు. మళ్లీ అంటారు. మళ్లీ వద్దని చెప్పు. వాళ్ల మీద కోపం చేసుకోకు, అలా రెండుసార్లు అడగాలని వాళ్లకు రాసిచ్చి ఉంటారు. మాకూ రాసిచ్చారు.

దీనితో పాటు అరవై వేలు నీ ఖాతాలో వేశాను. ఆపరేషన్‌కని పీఎఫ్‌లో తీసినదాంట్లో మిగిలింది. స్ఫూర్తికి చెప్పే వేశాను. వెనక్కి పంపకు.

కానీ అక్కా, లిమిట్ పెంచుకోవడం ఎలా అని నువ్వు అడిగినప్పుడు, ఎందుకు పెంచుకోవాల్సి వస్తోందని నేను అడగాల్సింది. నీ పైసలు బసవరాజ్ దగ్గర మూడు నెలలు ఊరికే కూర్చుంటున్నాయి. నువ్వు వడ్డీ కడుతున్నది అతని కోసం. దాన్ని ఆపకపోతే ఈ బాకీ తీరినా మరొకటి వస్తుంది. ఇందులో నేను చెప్పగలిగే కిటుకు ఏదీ లేదు.

నన్ను ఫోన్ల దగ్గర నుంచి తీసి, రాసి పంపే ఫిర్యాదులు చదివే పనిలో వేశారు. జీతం నాలుగు వేలు తగ్గింది. అందరూ నీలాగే రాస్తున్నారు. ఇది ఫీజు అనుకున్నాం అని.

బావకు నా మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు.

హనుమేశ్


యరమరస్,
22 జూన్ 2025

తమ్ముడూ,

నీ అరవై వేలు వెనక్కి పంపాలనే బ్యాంకుకు వెళ్లాను. వరుసలో గంట నిలబడ్డాక ఓపిక లేక, చివరికి బాకీలోనే కట్టేశాను. మిగిలినదాన్ని ఈఎంఐలు చేశారు, నెలకు పన్నెండు వేల చిల్లర. నాలుగు కట్టాను, ఇరవై ఉన్నాయి. ఒక బ్యాంకు అమ్మాయి నిజంగానే రెండుసార్లు అడిగింది. నేను రెండుసార్లూ వద్దన్నాను. కోపం చేసుకోలేదు.

ఇక బసవరాజ్ సంగతి. మార్చిలో ఒక సోమవారం పొయ్యి వెలిగించలేదు. ముందుగా అనుకొని చేసింది కాదు. లేచాను, కట్టెల మీద చెయ్యి పెట్టాను, ఇక నా వల్ల కాదనిపించి బయట అరుగు మీద కూర్చున్నాను. పనివాళ్లు పళ్లేలతో వచ్చి నిలబడ్డారు. గంటలో బసవరాజ్ బండి మీద వచ్చాడు.

"ఏం సుమంగళమ్మా, ఊట లేదంటే ఎట్ల? మనుషులందరు తిండి లేక గేటు కాడ కూసున్నరు."

"మూడు నెలల బిల్లు ఇయ్యలే సార్ మీరు."

"నాకు పైనోళ్లు ఇయ్యాలె గద. వాళ్లిస్తె నేను ఆపుకుంటనా?"

"పైనోళ్లు ఇయ్యలేదని మీరు ఇంట్ల అన్నం మానిండ్రా సార్?"

మీ బావ గోడ పట్టుకొని లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయన అలా ఊతం లేకుండా నిలబడి ఎన్నాళ్లయిందో. ఆ సాయంత్రం ఒక నెల బిల్లు ఖాతాలో పడింది. మిగతావి రెండు విడతలుగా ఇచ్చాడు. ఇప్పుడు తిండి డబ్బులు వారం వారం పనివాళ్ల చేతికే ఇస్తున్నాడు, వాళ్లు ఆదివారం నాకు ఫోన్‌తో స్కాన్ చేసి కడుతున్నారు. కొందరు ఆ డబ్బు మిగుల్చుకొని గదుల్లోనే వండుకుంటున్నారు. డెబ్బై రెండు మంది నలభై మూడయ్యారు. సంపాదన తగ్గింది. గంజ్‌లో నగదు ఇచ్చి కొంటున్నాను, విజయకుమార్ కుర్చీ వేయడం మానేశాడు. మధ్యాహ్నం ఒక గంట పడుకుంటున్నాను. అలసట మాత్రం పోలేదు. ఇరవై నెలలూ కట్టాక పోతుందేమో చూడాలి.

నీ మీద కోపం ఉందా అంటే, కొంచెం ఉంది. నా మీద నాకు ఉన్నదానికన్నా తక్కువ.

మీ బావ ఆర్నెల్లుగా నీ పేరు ఎత్తలేదు. ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చొని కాగితం అడిగారు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు కదా, కన్నడ అక్షరాల్లో రాసిచ్చారు. ఒక్క మాట మార్చకుండా కింద దించుతున్నాను.

"హనుమేశ్, కమీషన్ మాట నా నోట్లకెల్లి వచ్చింది. మీ అక్క అనలే. ఆ మాట అన్నందుకు ఆమె నాతోని నాలుగు దినాలు మాట్లాడలే. తప్పయింది. నీ పైసలు వాపస్ ఇస్తం, జర టైం పడ్తది. నువ్వు మొహం ఎట్ల చూపియ్యాలె అని రాసినవంట. లీవ్ దొరికితే రా. గొంతు నయమయ్యేదాంక నువ్వు ఏం మాట్లాడకు. వచ్చి ఊకె నా పక్కన కూసో. నేను గూడ మాట్లాడ."